సీలు పడ్డ బల్ల

మా బావ వడ్రంగి. ఆయన చిత్రిక పట్టిన చెక్క మీద ఓ చీమ జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే కట్టు కట్టింది నేనే. బడి మధ్యలో మానేసినా ఇలాంటి వైద్యాలు నాకు బాగా వచ్చు.

కొట్లో పని పలచబడ్డ రోజుల్లో బడి బల్లలకు ప్రభుత్వం టెండరు పిలిచింది. అందులోని మాటలు బావకు విప్పి చెప్పే పని నా మీద పడింది.

"బిడ్డరంటే ఎవర్రా?"

"నువ్వే బావా. ధర రాసి కవర్లో పెట్టేవాడు."

"ఎల్ వన్?"

"అందరికన్నా తక్కువ రాసినవాడు. పని అతనికే."

"మరి స్పెసిఫికేషన్?"

"బల్ల ఎలా ఉండాలో వాళ్లు రాసిన లెక్క. కొలతలు, చెక్క, మేకులు, అన్నీ."

టెండరుతో పాటు పంపాల్సిన శాంపిల్ బల్ల గురించి మాత్రం అడగలేదు. అది తనకు తెలుసనుకున్నాడు. ఎవరికి కుర్చీలు చేసినా, ముందు ఒకటి చేసి పనితనం చూపించడం ఆయన అలవాటు. అందుకే ఇనుప మేకులు చాలన్నచోట చెక్క మేకులు దిగ్గొట్టాడు. పైభాగం నునుపు చేయమంటే అడుగు కూడా చిత్రిక పట్టాడు.

"దాన్ని ఆఫీసుకు పంపుతారా, పక్కలో పడుకోబెట్టుకుంటారా?" అంది అక్క.

టెండరు బావకే వచ్చింది. ఇంజినీరు ఆ బల్లకు లక్క సీలు వేశాడు. "ఇది ఆమోదించిన నమూనా. మిగతావన్నీ అచ్చం ఇలాగే ఉండాలి. గడువు దాటితే బ్లాక్‌లిస్టులో పెడతారు. ఇక ఏ టెండరూ వేయలేరు."

ఇంత పనితనంతో అన్నీ గడువులోగా ఎలా తెమలాలా అని బావ వేళ్లు మడిచి లెక్కేసుకోసాగాడు. అది చూసి ఇంజినీరే మెత్తబడ్డాడు. "మేం అడిగినదానికన్నా మీరు ఎక్కువ చేశారు. కాగితంలో ఉన్నంతకు తగ్గించుకుంటానని అర్జీ పెట్టండి, ఒప్పుకుంటాను."

"బతికిపోయాం బావా!" అన్నాను ఇంటికొచ్చాక.

బావ కొట్లోకి నడిచాడు. సగం చేసిన బల్ల కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"చెక్క మేకులు నా గొప్ప కోసం కొట్టానురా. ఇనుప మేకులతోనూ బల్ల నిలబడుతుంది. అడుగు సంగతి వేరు. పిల్లలు చేతులు ఊరికే ఉంచుకుంటారా? బల్ల కింద పెట్టి రుద్దుతుంటారు. పేడు గుచ్చుకోదూ?"

"గడువు దాటిపోతే?"

"నువ్వూ చిత్రిక పట్టు."

అర్జీలో మేకుల మాట ఒక్కటే రాయించాడు. ఆ పైన ముగ్గురం చెక్కల మీద పడ్డాం. నేను పట్టిన పట్టుకు చెక్కపొట్టు కప్పును తాకింది. అక్క వంటింట్లోకి సొరంగం తవ్వుకుని వెళ్లేది.

గడువు ముగిసే రోజున బల్లలు దించాం. ఇంజినీరు ఒకదాని మీద కూర్చున్నాడు. పిల్లల బల్ల కదా, మోకాళ్లు ఇరుక్కున్నాయి. లేవడానికి కింద చెయ్యి వేసి, అలాగే ఆగిపోయాడు.

"ఇది కాగితంలో లేదే?"

"నమూనాలో ఉంది కదండీ," అన్నాడు బావ.

ఇంజినీరు ఇంకో బల్ల కిందా తడిమి చూసి, సంతకం పెట్టాడు.

మరుసటి టెండరుకు బావ నమూనాను ఇనుప మేకులతోనే చేశాడు. తర్వాత దాన్ని బోర్లించి చిత్రిక అందుకున్నాడు.

"మళ్లీనా?" అంది అక్క.

"నీ తమ్ముడు ఉన్నాడుగా!"

సరిగ్గా అప్పుడే నా నడుం పట్టేసింది.