పెళ్లికూతురి తరఫున జువాలజీ సారు

మా జువాలజీ సారు పోయారని పుంగనూరు బస్టాండులో ఉండగా ఫోను వచ్చింది. మదనపల్లె బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు రావాలి కదా, నవ్వొచ్చింది. పక్క సీటు పెద్దమనిషి అనుమానంగా చూశాడు. తప్పు నాది కాదు, సారుది.

సారుకు కప్పలంటే ప్రాణం. అందులోనూ యూపెరోడాన్ అనే చిన్న ప్రజాతి. మన దేశంలోనూ చుట్టుపక్కలా తప్ప ఇంకెక్కడా ఉండదు. గుండ్రటి ఒళ్లు, బుల్లి నోరు. ఏడాదిలో ఎక్కువకాలం మట్టిలోనే కాపురం. "పనికిమాలిన మాటలకు దాని నోరు చాలదు. మీకు చాల్తాండాది" అని మమ్మల్ని తిట్టేవారు.

రిటైరై నిమ్మనపల్లె దగ్గర సొంతూరు చేరారు. వానల్లేక శనక్కాయ చేలు ఎండుతుంటే ఆడవాళ్లు కప్పల పెళ్లి తలపెట్టారు. అంతకు ముందేడు రోకలికి కట్టి ఊరేగించిన జంట వీధి దాటకుండానే ఎండకు చచ్చిపోయింది. ఈసారి చావనివ్వకూడదని సారు పంతం. నేను సారును చూడబోయిన రోజే, వాళ్లు కప్పల్ని పట్టి తెచ్చిన బుట్ట మూత ఆయన తీశారు.

"గొంతుకింద నల్లగుండాది సూడండమ్మా. ఇద్దురూ పెండ్లికొడుకులే."

పెద్దామె బుగ్గ నొక్కుకుంది. "పోయినేడూ ఇట్లే సూడకుండా తెస్తిమి. అందుకేనా సారూ, వాన రాల్యా?"

జీవితమంతా మూఢనమ్మకాలను తిట్టిన మనిషి బుట్ట మూత మళ్లీ పెట్టేశారు. "ఆడదాన్ని నేను ఎతికిస్తా. రోకలికి కట్టకూడదు. తడి మట్టి ఉండే కుండలో పెట్టి తిప్పల్ల" అని బేరం పెట్టారు. రెండు రోజులు నీళ్లతొట్టి పక్కన చేతుల్తోనే తవ్వి ఆడకప్పను పట్టారు.

పెళ్లిలో ఆడపిల్ల తండ్రి ఆయనే. "పిల్ల లావుగా ఉండాదే" అంది మగపెళ్లివారి తరఫున పెద్దామె.

"మా వంశంలో ఆడబిడ్డలంతేనమ్మా."

వాన ఆ వారం రాలేదు. జాతకాలు చూడకపోవడమే కారణమని ఊరంతా తేల్చేసింది. జంట మాత్రం బతికింది. ఒక ప్రాణి కోసం పాఠాలు చెప్పే తన పెద్దరికాన్ని పక్కన పెట్టినవాణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

పెళ్లయ్యాక రెండింటినీ తొట్టి పక్కన వదిలారు. ఈ కప్ప వెనక కాళ్లతో తవ్వుకుంటూ వెనక్కి దిగుతుంది, మొహం మన వైపే ఉంటుంది. పెళ్లికొడుకు చటుక్కున మాయమయ్యాడు. పెళ్లికూతురు నిదానించింది. సారు మోకాళ్ల మీద కూర్చుని "పోయిరామ్మా" అన్నారు. కళ్లలో నీళ్లు.

"ఏడస్తాండారా సారూ?" అన్నాను.

"అప్పగింతలప్పా. ఏడ్సకుండా ఎట్ల?"

ముక్కు కొన మట్టిలో కలిసేదాకా అది ఆయన్నే చూసింది. మట్టి సర్దుకున్నాక కూడా ఆయన లేవలేదు. అక్కడ ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చున్నారు.