అమ్మవారు పోసిందని మాత్ర ఆపాం

ఆ పొద్దున నా చెల్లెలు రామలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టం నోట పెట్టుకుంది. ఊదింది. నిప్పు లేవలేదు. మళ్ళీ ఊదబోతే దగ్గు పట్టుకుంది. గొట్టం కింద పెట్టేసి, కట్టెలు పచ్చివంది. ఆ కట్టెలు నేను ఎండబెట్టినవే, పచ్చివి కావు. ఏదో తేడాగా ఉందనిపించింది గానీ ఏమని అడగాలో తెలియలేదు.

మేం తమిళనాడులో, కోవిల్‌పట్టి పక్క పల్లెలో ఉంటాం. ఇద్దరికీ భర్తలు లేరు. నా భర్త పోయాక నేను చెల్లెలి ఇంటికే వచ్చేశాను. ఆమె కూతురు సెల్వి విరుదునగర్‌లో కాపురం ఉంది. చెల్లెలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని చేసేది. అక్కడ అందరికీ దగ్గే, ఇదీ అదే అనుకున్నాం. సిరప్ తాగింది, కషాయం తాగింది. దగ్గు పోలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకోవడానికి వంగినా ఊపిరి ఆడటం లేదంది.

కోవిల్‌పట్టిలో ఎక్స్‌రే తీస్తే ఒక పక్కంతా తెల్లగా ఉంది. నా భర్త టీబీతో పోయినవాడు. ఇదీ టీబీయే అనుకున్నాను. కఫం పరీక్ష చేసి టీబీ నెగటివ్ అన్నారు. దేవుడికి దండం పెట్టుకున్నాను. వెంటనే విరుదునగర్‌లో పెద్ద ఆసుపత్రికి పొమ్మన్నారు. టీబీ లేనప్పుడు ఇంకా పెద్ద ఆసుపత్రి ఎందుకో నాకు అర్థం కాలేదు.

అక్కడ వీపులో సూది పెట్టి ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీళ్ళు తీశారు. సీటీ స్కాన్ తీశారు, ఆ తర్వాత బయాప్సీ. ఊపిరితిత్తుల క్యాన్సర్ అన్నారు. ఇంట్లో బీడీ, సిగరెట్ ఎవరైనా తాగుతారా అని డాక్టరమ్మ తమిళంలో అడిగారు. చెల్లెలు నా వైపు తిరిగి మన తెలుగులో అంది:

"ఇంట్లో ఉండేదే ఇద్దరు ముండమోపులు. మా అక్క తాగుతాదని చెప్పేనా?"

నాకు నవ్వు ఆగలేదు. క్యాన్సర్ అని చెప్పిన గదిలో నవ్వుతున్నామేమని డాక్టరమ్మ తలెత్తి చూశారు.

తీసిన ముక్కను ఇంకో పరీక్షకు పంపారు. ఈజీఎఫ్ఆర్ అని దాని పేరు. అది పాజిటివ్ వచ్చింది. నేను ఏడ్చాను. డాక్టరమ్మ ఇది పాజిటివ్ రావడమే మంచిది, దీనికి సరిపడే మాత్ర ఉందన్నారు. "కీమో ఇప్పుడు వద్దు. రోజుకు ఒక మాత్ర. ఆపకూడదు." స్టేజ్ ఫోర్ అని కూడా అన్నారు. పూర్తిగా పోతుందా అని సెల్వి అడిగింది. పోగొట్టే మందు కాదు, అణిచి ఉంచే మందు అన్నారు.

నాకు తల తిరిగిపోయింది. నెగటివ్ వస్తే పెద్ద జబ్బు, పాజిటివ్ వస్తే మంచిది. కడపటి స్టేజ్ అంటారు, ఒక్క మాత్ర ఇస్తారు. తల వెంట్రుకలు కూడా రాలలేదు. ఊళ్ళోవాళ్ళు ఆమె జడ చూసి, ఇది క్యాన్సరే కాదు పో అన్నారు. ఆ మాట నిజమైతే బాగుండునని నాకూ ఆశ.

మాత్ర మొదలుపెట్టాక దగ్గు తగ్గింది. వీధి చివరిదాకా నడిచింది. అంతలో ముఖం నిండా పొక్కులు లేచాయి. ముక్కు మీద, బుగ్గల మీద, ఎద మీద ఎర్రగా, కొన్నింట్లో చీము. ఎండాకాలం. పక్కింటి పెద్దమ్మ వాకిట్లోంచి చూసి చేతులు జోడించింది.

"అమ్మోరు పోసిండాదే. మందూ మాత్తిరై ఏదీ ఇయ్యొద్దండి. తాయికి కోపం వస్తాది."

తాయి అంటే ఆ తల్లే. మా వైపు అమ్మవారు పోస్తే వాకిలికి వేపాకు కడతాం. ఇంట్లో తాళింపు వేయం. బయటివాళ్ళు లోపలికి రారు, లోపలివాళ్ళు గడప దాటరు. మందు ఇస్తే వచ్చిన తల్లిని తరిమినట్టు. మూడుసార్లు తలకు నీళ్ళు పోసి సాగనంపాలి. చిన్నప్పుడు మా ఇద్దరికీ అట్లాగే చేశారు, ఇద్దరం బతికాం. అందుకే ఇద్దరం అనుకుని మాత్రలు దేవుడి గూట్లో పెట్టేశాం. సెల్వికి ఫోన్‌లో అమ్మవారు పోసిందనే చెప్పాం. మాత్ర సంగతి ఆమె అడగలేదు, మేం చెప్పలేదు. ఆసుపత్రికి రమ్మన్న రోజు పోలేదు.

పొక్కులు వాడిపోయాయి. తల్లి చల్లబడిందని రెండో నీళ్ళు పోశాను. కానీ దగ్గు మళ్ళీ వచ్చింది. పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చునేది. ముఖం తేటపడుతోంది, ఊపిరి పోతోంది. ఒకే మనిషిలో రెండూ ఎట్లా జరుగుతాయి? మూడో నీళ్ళు పోయకుండా గడప దాటితే తల్లికి తప్పు. దాటకపోతే చెల్లెలు దక్కుతుందా? నేను వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. ఊపిరి కూడదీసుకుని చెల్లెలే తేల్చింది.

"అక్కా, మూచ్చు ఆడలే. మూడో నీళ్ళ దాకా నేనుండను. తాయిని గూడ పిలుచుకోని పోదాం, రా."

కొంగున వేపాకు ముడి వేసుకుని ఆటో ఎక్కింది.

డాక్టరమ్మ ఆ ముడి చూశారు, ముఖం మీద మచ్చలు చూశారు, మాత్ర ఎప్పుడు ఆపారని అడిగారు. కోప్పడలేదు. "ఆ పొక్కులు మాత్ర వల్ల వచ్చినవమ్మా. చాలామందిలో అది మందు పట్టిందనడానికి గుర్తు. వాటికి వేరే మందు ఉంది. నాకొక ఫోన్ చేసి ఉంటే సరిపోయేది" అన్నారు. ఆక్సిజన్ పెట్టారు, మళ్ళీ నీళ్ళు తీశారు, మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. ఇంటికి తెచ్చుకున్నాక మూడో నీళ్ళు పోశాను. పొక్కులు మళ్ళీ లేచాయి. వాటిని చూసి సంతోషపడాలో, దండం పెట్టాలో తెలియక రెండూ చేశాను.

ఇప్పుడు చెల్లెలు ఫ్యాక్టరీకి పోదు. కట్టెల పొయ్యి మానేశాం, గ్యాస్ మీద వండుతున్నాం. అప్పుడప్పుడు స్కాన్‌కు పోతాం. గడ్డ చిన్నదైంది, పోలేదు అంటారు. నయమైందా అని ఊళ్ళో ఎవరైనా అడిగితే అవుననీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. చెల్లెలినే అడగమంటాను. ఆమె, "ఈ పొద్దుటి మాత్తిరై మింగినాను, పో" అంటుంది.

నాకు చదువు లేదు, చెప్తుంటే రాసిపెడుతున్నారు. జబ్బు మనిషిని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు ఒక్కటే చెప్తాను. మాత్ర మొదలుపెట్టాక ఒంటి మీద ఏది లేచినా, నోరు పూసినా, బేదులైనా, మాత్ర ఆపాలా వద్దా అన్నది మీరే తేల్చుకోకండి. ముందు ఆసుపత్రికి ఫోన్ చేయండి. వేపాకు కట్టవద్దని నేను అనను. మా వాకిలి గోడ మీద ఆసుపత్రి నంబరు సెల్వి చేత పెద్దగా రాయించాను. వేపాకు కట్టే మేకు కిందే ఉంది.