కాణిపాకంలో అక్క అడిగిన మాట

నేను కడపలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నిరుడు వానాకాలంలో ఒకరోజు స్టాఫ్ రూమ్‌లో నా పక్క కుర్చీలో కూర్చుని జవాబు పత్రాలు దిద్దుతున్న టీచరు తల వాల్చేసింది. కునుకు తీస్తోందనుకున్నాను; గుండె ఆగి పోయిందని తర్వాత తెలిసింది. ఆమె నాకంటే రెండేళ్లు చిన్నది. ఆ రోజు నుంచి నాకు చావంటే భయం పట్టుకుంది. పాఠం మధ్యలో మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేదాన్ని. డాక్టరు పరీక్షలన్నీ చేయించి గుండెకేమీ లేదన్నాడు. ఆ ధైర్యం వారం రోజులు కూడా నిలవలేదు. ఎవరైనా పోయారంటే పరామర్శకు వెళ్లడం మానేశాను. అలాంటి సమయంలోనే నగరిలో ఉండే మా పెద్దమ్మ కూతురు నాగమణక్కకు క్యాన్సర్ అని తెలిసింది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ నేను ఆమె మగ్గం పక్కన గడిపాను. అయినా నాలుగు నెలలపాటు ఏదో ఒక సాకు చెప్పి వెళ్లలేదు. చివరికి బావే ఫోన్ చేశాడు. "అది కాణిపాకం పోవాలంటా ఉండాది లలితా. నువ్వొస్తేనే పోతాదంట." ఆ తర్వాత గొంతు తగ్గించి, కాలేయానికి పాకిందనీ, రెండు మూడు నెలలకంటే ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడనీ అన్నాడు. "దానికి మాత్రం తెలీదు. కడుపులో పుండని సెప్పినాం. నువ్వు గూడా అదే సెప్పల్ల." అలాగేనని మాటిచ్చాను.

శుక్రవారం ఉదయం ఐదున్నరకు కడపలో బస్సెక్కితే తొమ్మిదికి తిరుపతిలో దిగాను. అక్కడి నుంచి నగరికి గంటన్నర ప్రయాణం. చెన్నై వైపు వెళ్లే బస్సులు దాదాపు అన్నీ ఆగుతాయి, టికెట్ వంద రూపాయల లోపే. నగరిలో దిగగానే మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. అక్క వాళ్ల వీధిలో ఆ మోత ఎప్పుడూ ఆగదు. అక్క గడప దగ్గర కూర్చుని రాట్నం మీద కండెలకు నూలు చుడుతోంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి, కళ్లు పచ్చబడ్డాయి. నన్ను చూసి రాట్నం ఆపింది. "వస్తివా పాపా" అంది, అంతే. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, చెప్పడానికి ఒక సాకు సిద్ధంగా పెట్టుకున్నాను.

మర్నాడు ఆరున్నరకు బయలుదేరాం. కారు రానూపోనూ నాలుగు వేలకు మాట్లాడాడు బావ. డ్రైవరు మురుగేశు ఆ వీధివాడే. అక్క కోసం వెనక సీట్లో రెండు దిండ్లు వేసి తెచ్చాడు. పుత్తూరు, కార్వేటినగరం మీదుగా చిత్తూరు చేరి, అక్కడి నుంచి మరో అరగంట వెళితే కాణిపాకం. మామూలుగా రెండున్నర గంటల దారి. మాకు నాలుగు గంటలు పట్టింది. "నిదానంగా పోదాం మేడం, ఆడాడ గుంతలుండాయి, అక్కకు కుదుపు కాకూడదు" అన్నాడు మురుగేశు. పుత్తూరులో ఎముకల కట్టు కట్టే చోటికి దారి చూపించే బోర్డు కనబడింది. "ఎట్లాంటి ఎముకైనా ఈడ అతుకుతాది" అన్నాడు. అక్క కిటికీలోంచి ఆ బోర్డు వైపే చూస్తూ, "నాకూ ఎముకే ఇరిగింటే బాగుండు" అంది.

కార్వేటినగరం దాటాక రోడ్డు పక్కన టిఫిన్ బంకు దగ్గర ఆపాం. అక్కకు ఇడ్లీ సహించదు. బంకు నడిపే పెద్దావిడ అక్క ముఖం ఒకసారి చూసి, లోపల తన కోసం కాచుకున్న రాగి అంబలిలో మజ్జిగ కలిపి తెచ్చింది. "గుటక గుటకే తాగు తల్లీ. తొందర ల్యా" అని, అక్క తాగేదాకా గ్లాసు కింద చెయ్యి ఆనించి నిలబడింది. డబ్బులు తీసుకోలేదు. నేను మాత్రం దోసె తింటూ ఎదురు బెంచీ మీద కూర్చున్నాను. ముక్కూ ముఖం తెలియని ఆవిడ చేసిన పని నేను చేయలేకపోయాను. అక్కను ముట్టుకుంటే ఆ జబ్బు కాదు, ఆ చావే నాకు అంటుకుంటుందేమోననిపించింది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

కాణిపాకం చేరేసరికి పదిన్నర. ద్వారం దగ్గర అడిగితే వీల్ చైర్ దొరికింది. వరసిద్ధి వినాయకుడు బావి నీళ్లలోనే వెలిశాడనీ, ఇప్పటికీ పెరుగుతున్నాడనీ నమ్మకం. ఈయన ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి ఈ చుట్టుపక్కల ఎవరూ సాహసించరు. అరగంటలో దర్శనం అయింది. బావ ప్రసాదాల వరుసలోకి వెళ్లాడు. అక్కనూ నన్నూ మండపం నీడలో కూర్చోబెట్టాడు.

"పాపా, ఈడ అబద్ధం సెప్పకూడదు. తెలుసు గదా?" అంది అక్క.

"తెలుసు."

"డాక్టరు మీ బావతో ఏం సెప్పినాడు?"

పుండు అనే మాట నా నాలుక మీదే ఉంది. బావకు ఇచ్చిన మాట కూడా గుర్తుంది. కానీ అక్క నా ముఖంలోకి చూస్తోంది. ఆ చూపు ముందు నావల్ల కాలేదు. "నయం కాదన్నాడంట అక్కా. రెండు మూడు నెలలన్నాడంట" అన్నాను.

అక్క కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది. కంటి నుంచి ఒక చుక్క జారింది, తుడుచుకోలేదు. "నేననుకుంటానే ఉండా. మీరంతా నాటకం ఆడతా ఉంటే, మీ కోసరం నేను గూడా ఆడినా. అలిసిపోయినా పాపా." కొంగు వదిలేసి, "నొప్పి శానా ఎక్కువైతాదా?" అని అడిగింది.

"దానికి వేరే మందులుంటాయంట. నేను కనుక్కుంటా. నొప్పితో నిన్ను పడుకోనియ్యను." ఆ మాట అన్నాక నాకు ఏడుపు ఆగలేదు. "నాకు భయం అక్కా. సావంటే భయం. అందుకే నాలుగు నెలలు రాలేదు."

"తెలుసు. పోయినేడాది నుంచి నీ ఫోన్లో గొంతే వేరేగా ఉండాది." నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. "నాకు మాత్రం భయం ల్యాదా? ఉండాది. కండెలు సుట్టేటప్పుడు ఉండదు. ఊరికే కూసుంటే వస్తాది. ఇంట్లో ఎవురితో అంటే వాళ్లు ఏడుస్తారని అనలేదు. సెప్పుకోను ఒక మనిషి కావల్ల. దానికే నిన్ను పిలిపించినా."

ఇద్దరం అలాగే కూర్చున్నాం. బావ లడ్డూలతో వచ్చి మా ముఖాలు చూడగానే సంగతి గ్రహించాడు. "నేను నీకేం సెప్పినా లలితా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "దాన్నేం అనొద్దు. నేనే అడిగినా" అంది అక్క. బావ మెట్టు మీద కూలబడి, చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. నాలుగు నెలల్లో ఆమె ముందు ఆయన ఏడవడం అదే మొదటిసారట. అక్క చక్రాల కుర్చీలోంచి వంగి ఆయన తల మీద చెయ్యి వేసింది.

తిరుగు దారిలో అక్క మాట్లాడినంతగా మరెవరూ మాట్లాడలేదు. ఇక ఆసుపత్రిలో పడుకోనంది. తన పెట్టెలోని నీలం అంచు చీర కోడలికి ఇమ్మంది. పెద్ద మగ్గం అమ్మొద్దని బావ చేత మాట తీసుకుంది. మధ్యలో నా పెళ్లినాటి సంగతేదో గుర్తొచ్చి నవ్వింది కూడా. చిత్తూరు దాటాక నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కినా నేను కదల్లేదు.

ఆ తర్వాత అక్క పది వారాలు బతికింది. నొప్పి తగ్గించే వైద్యం చేసే డాక్టరును తిరుపతిలో వెతికి పట్టుకున్నాం. వారం విడిచి వారం నేను నగరి వెళ్లాను. అన్నం తినిపించాను, తల దువ్వాను, భయమేసిన రోజున వేసిందని ఒకరికొకరం చెప్పుకున్నాం. ఒక ఆదివారం మధ్యాహ్నం ఊపిరి మెల్లమెల్లగా ఎడం పడుతూ వచ్చి ఆగిపోయింది. నా చెయ్యి ఆమె పాదం మీద ఉంది. పారిపోవాలనిపించలేదు. నేను అన్నాళ్లూ ఊహించుకున్నది దీనికంటే ఎంతో భయంకరంగా ఉండేది.

నాకు భయం పోయిందని చెప్పను. ఇప్పటికీ కొన్ని రోజులు వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని దాచుకోకుండా మా ఆయనతోనో, స్టాఫ్ రూమ్‌లోనో పైకి చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్లు కూడా తమ భయం బయటపెట్టడం చూసి ఆశ్చర్యపోయాను. మనమంతా ఒకే దారిలో ఉండి ఒకరినుంచి ఒకరం దాక్కుంటున్నామన్నమాట. జబ్బు మనిషి దగ్గరికి వెళ్లడానికి ధైర్యం వచ్చేదాకా ఆగాలనుకున్నాను నేను. వెళ్లాకగానీ అది రాలేదు.

జబ్బుగా ఉన్నవాళ్లను కాణిపాకం తీసుకువెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: చవితి రోజులూ ఆదివారాలూ వదిలేసి వెళ్లండి, బండిని గంటల లెక్కన కాకుండా రోజంతటికీ మాట్లాడుకోండి. చెప్పుకోవాల్సిన మాటలు ఎప్పుడు మొదలవుతాయో ముందే తెలియదు. అవి మొదలయ్యాక ఎవరూ గడియారం చూడకూడదు.