మామ తుక్కన్న బండి

చేతకాదు అన్నవాళ్ళ కళ్ళముందే ఆ పని చేసి చూపించడంలో ఒక రుచి ఉంది. పొద్దున్నే వేడివేడి ఉగ్గాని, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టినా నాకు ఆ రుచి ముందు దిగదుడుపే. ఈ మాట పొగరుగా వినిపిస్తే వినిపించనీ. జమ్మలమడుగులో మా ఇంటి పెరట్లో ఏళ్ళ తరబడి కదలకుండా పడి ఉన్న పాత డీజిల్ పికప్ బండిని నేను మళ్ళీ రోడ్డెక్కించాను. ఆ మాత్రం పొగరు నాకు చెల్లుతుంది.

ఆ బండి మా మామది. మామ అంటే నా భర్తకు తండ్రి, అంతకంటే ముందు మా అమ్మకు సొంత తమ్ముడు. అందుకే మా మధ్య మామా కోడళ్ళ మర్యాదలు తక్కువ, మేనమామ మేనకోడళ్ళ ఎకసెక్కాలు ఎక్కువ. ఆయన ఆ బండి తోలుతూనే సంసారం ఈదాడు. గండికోట జలాశయం నీళ్ళు కొండాపురం పల్లెల్లోకి వచ్చినప్పుడు ఇళ్ళు ఖాళీ చేసినవాళ్ళ సామాను కొత్త కాలనీలకు మోసింది ఆ బండే. మంచాలు, పీకిన ద్వారబంధాలు, గంపకింద కోళ్ళు, కోళ్ళను వదలనని ఏడ్చే ముసలమ్మలు. ఆ తిరుగుడుకే చక్రాల మీద బరువు మోసే కమాన్ కట్టలు వంపు పోయి చదునైపోయాయని మామ చెప్పేవాడు. తర్వాత మోకాళ్ళు అరిగి, క్లచ్ తొక్కలేక బండి దిగాడు. అమ్మనూ లేదు, ఇంకొకరికి తోలడానికి ఇవ్వనూ లేదు. చివరికి మా కోళ్ళు దాని సీటు కింద గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి.

నా భర్త కువైట్‌లో డ్రైవరు. పెళ్ళైన కొత్తలో పోయినవాడు సెలవులకు వచ్చి పోవడమే తప్ప ఇంట్లో కుదురుగా ఉన్నది లేదు. పిల్లలకు నాన్న అంటే ఫోన్లో కనిపించే మనిషి. ఒక ఎండాకాలం మొదట్లో ఆయన ఫోన్ చేశాడు.

"వీసా మళ్ళా కొట్టించాల్నా వద్దా అని సేటు అడుగుతాండాడు. ఏం చెప్పమంటావు?"

రావాలనే కోరిక ఆ గొంతులో ఉంది. వచ్చి ఏం చేయాలి అనే భయమూ ఉంది. నేను పెరటి వైపు చూశాను. కొంచెం ఆగమని చెప్పు, అన్నాను.

ఆ బండిని బాగుచేసి పళ్ళ లోడ్లకు తిప్పుతానని, అది నడిస్తే ఆయన్ను వచ్చేయమంటానని మామకు చెప్పాను. మామ పగలబడి నవ్వాడు.

"తుక్కు మే అది. ఇనప సామానోడు వస్తే ఎత్తుకపోతాడు. దాన్ని నమ్ముకోని నా కొడుకును రమ్మంటావా? కుక్క తోక పట్టుకోని గోదారి ఈదినట్టుండాది నీ యవ్వారం."

"నడిస్తేనో?"

"పులివెందల్లో చీనీకాయలు లోడెత్తుకోని, ముద్దనూరు ఘాటెక్కి ఇంటికి రానీ. నేనే వానికి ఫోన్ చేసి వచ్చేయ్‌రా అంటా. ఎక్కలేదనుకో, వాడు ఆడనే ఉంటాడు, ఇది తుక్కుకు పోతాది. సరేనా?"

సరే అన్నాను. చీనీకాయలంటే బత్తాయిలు, మంచి బరువు. ముద్దనూరు, జమ్మలమడుగు మధ్య ఉన్న ఆ కొండదారిలో కొత్త బండ్లకే ఊపిరాడదు. అది తెలిసే మామ ఆ షరతు పెట్టాడు. తెలిసే నేనూ ఒప్పుకున్నాను.

నాకా ధైర్యం ఊరికే రాలేదు. మా నాయన చేన్లలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. డీజిల్ వాసన లేని అన్నం నాకు పెళ్ళయ్యాకే తెలిసింది. పుట్టింట్లో ట్రాక్టరు తోలాను, లైసెన్సు తెచ్చుకున్నాను. పొగ రంగు చూసి ఇంజను జబ్బు చెప్పగలను. మామ బండి ఆగిపోయేనాటికి నీలం పొగ వదిలేది, అంటే రింగులు అరిగి ఆయిలు తాగుతోంది. అది చావు జబ్బు కాదు.

మొదట కోళ్ళను వెళ్ళగొట్టాను. దానికే అవి నామీద వారం రోజులు అలిగాయి. తర్వాత మూడు సరుగుడు దుంగలు నిలబెట్టి, కప్పీ కట్టి ఇంజను పైకి లేపాను. పక్కింటామె గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మే, ఆ గ్రీసు పూసుకుంటే మొగం తెల్లగైతాదా?" అంది. "అయితాది, నీక్కూడా కొంచెం పంపిస్తాలే," అన్నాను. ఆ తర్వాత ఆమే రోజూ నాకు మజ్జిగ అందించింది.

ఇంజను బ్లాకు ఆటోలో వేసుకుని ప్రొద్దుటూరు తీసుకుపోయాను. బంగారు అంగళ్ళకు పోయే ఆడవాళ్ళను చూసిన ఊరేగానీ, లేతు షాపుకు పోయే ఆడదాన్ని చూసిన ఊరు కాదది. షాపు భాయ్ బ్లాకును తిప్పి చూసి, "ఎవరు విప్పినారమ్మా ఇది? శానా నీట్‌గా విప్పినారే," అన్నాడు. నేనే, అన్నాను. ఆయన ఆశ్చర్యపోకుండా కుర్చీ వేసి టీ తెప్పించాడు. పనితనం తెలిసినవాళ్ళ మర్యాద అలాగే ఉంటుంది. సిలిండర్లకు బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు, రింగులు తెచ్చుకున్నాను. తుక్కు బండ్ల అంగట్లో వెతికి ఒక పవర్ స్టీరింగు, ఒక బ్రేకు బూస్టరు కూడా పట్టుకొచ్చాను. మామ కాలంలో ఆ స్టీరింగు తిప్పాలంటే భుజాలు ఊడేవి. అలా భుజాలు ఊడగొట్టుకుంటేనే డ్రైవరు అన్న లెక్క నాకు లేదు. పాతదాన్ని పాతదిగానే నిలబెట్టడం నా ఉద్దేశం కాదు, అది నా చేతికి లొంగాలి.

మామ మంచం వేపచెట్టు నీడలోకి లాక్కుని రోజంతా నన్ను కనిపెట్టుకుని ఉండేవాడు. చూడనట్టు నటించేవాడు. నేను థర్మోస్టాట్ వాల్వు కొనుక్కొచ్చి బిగిస్తుంటే మాత్రం ఉండలేక లేచి వచ్చాడు. ఇంజను వేడెక్కేదాకా రేడియేటరుకు నీళ్ళు పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. మా కడప ఎండలకు అది దండగని మా డ్రైవర్లందరూ మొదటి రోజే పీకి పారేస్తారు. మామ కూడా పీకేశాడు.

"ఈ ఎండల్లో దాన్ని పెడతాండావా? ఘాటులో నీళ్ళు మసలకపోతే నన్నడుగు."

"అది లేకనే నీ ఇంజను అరిగింది మామా. ఇంజనుకు తగినంత వేడి కావల్ల."

"నాకు నేర్పిస్తాంది సూడు!" అని ఆయన మళ్ళీ మంచమెక్కాడు. నేను వాల్వు బిగించాను. కొత్త కమాన్ కట్టలు వేశాను. క్యాబిన్ నేలలో తుప్పుతిన్న రేకు కోసి కొత్తది అతికించాను.

స్టార్టు చేసిన రోజు బండి దగ్గనైనా దగ్గలేదు. మామ మొహంలో వెలుగు చూడాలి. నేను తొణకలేదు. డీజిల్ పైపుల్లో గాలి చేరింది. నట్టు వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చేదాకా గాలి తీశాను. మళ్ళీ తాళం తిప్పాను. ఒకసారి గుర్రుమని, మరుక్షణం పెరడంతా దద్దరిల్లేలా అందుకుంది. పొగ తెల్లగా మొదలై కాసేపటికి కనిపించకుండా పోయింది. పక్కింటామె ఈల వేసింది. ఆమెకు ఈల వేయడం వచ్చని అప్పుడే తెలిసింది.

ఆర్టీఓ ఆఫీసులో బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి, కింద వంగి చూసి, "డ్రైవర్ని పిలువమ్మా," అన్నాడు. నేనే ఎక్కి, ఆయన చూపించిన గీత మీద బ్రేకు కొట్టాను. ఫిట్‌నెస్ కాగితం ఇచ్చాడు. ఇక మిగిలింది ఘాటు.

లోడు కోసం పులివెందులకు మామా నేనూ ఇద్దరమే పోయాం. అక్కడ తోటలో చీనీకాయలు ఎక్కించాక, సూటు దగ్గర వ్యాపారితో నాకు పేచీ వచ్చింది. సూటంటే టన్నుకు పైన ఉత్తపుణ్యానికి వేయించుకునే కాయలు. అవి రైతుకు నష్టం, నాకు అదనపు మోత. నోరు చేసుకుని కొంత దింపించి వచ్చేసరికి నా బండి పెళ్ళికొడుకులా నిలబడి ఉంది. ముందు వైపు రెండు పక్కలా అరటి పిలకలు, మధ్యలో బంతిపూల దండ, అద్దం మీద పసుపు, కుంకుమ. హమాలీల అభిమానం కాబోలనుకుని మురిసిపోయాను. అరటి తోటల ఊరు కదా, పిలకలకు కరువేముంది.

ముద్దనూరు దాటి ఘాటు మొదలైంది. రెండో గేరులో బండి బరువుగా, కానీ నిలకడగా ఎక్కుతోంది. రెండు మలుపులు తిరిగానో లేదో, ఇంజను వేడి చూపే ముల్లు కదలడం మొదలుపెట్టింది. ఇంకో మలుపుకు ఎర్రగీత దగ్గరికి చేరింది. ఇక్కడ ఆగితే పోయేది బండి ఒక్కటే కాదు. నా మనిషి ఇంకో రెండేళ్ళు ఆ ఎడారిలో ఉండిపోతాడు.

"చెప్పినానా లేదా?" మామ అందుకున్నాడు. "ఆ వాల్వు పీకు మే. మసిలిపోతాండాది."

"వాల్వు తప్పు కాదు మామా." రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకు తీసి, ఇంజను ఆపకుండా, చక్రం కింద రాయి పెట్టి ముందుకు వచ్చాను.

చూడగానే కారణం తెలిసిపోయింది. గాలికి అరటి ఆకులు వెనక్కు వాలి జాలీకి తడిగుడ్డల్లా అతుక్కుపోయి ఉన్నాయి. మధ్యలో ఆ లావు దండ. రేడియేటరుకు ఊపిరి పీల్చుకునే సందు లేదు.

"ఏ బుద్ధి లేనోడు కట్టినాడో ఇవి!" అని అరుస్తూ పిలకలు లాగాను. రాలేదు. ముడులు గట్టిగా వేసి ఉన్నాయి. తాడు కాదు, గుడ్డ పేలికలతో కట్టారు. నీలం గళ్ళ తువ్వాలు పేలికలు. తలెత్తి చూశాను. క్యాబిన్‌లో మామ భుజం మీద ఎప్పుడూ ఉండే తువ్వాలు లేదు.

ఆయన మెల్లగా బండి దిగి వచ్చాడు. నా వైపు చూడకుండా తనే ముడులు విప్పడం మొదలుపెట్టాడు.

"మొదటి లోడు కదమే," అన్నాడు. "బోసి మొగంతో యాడ పంపిస్తాం?"

"తుక్కుకు ఎవురైనా అరటి పిలకలు కడతారా మామా?"

ఆయన చేతులు ఇంకో ముడి విప్పుతున్నాయి. వాల్వు తప్పు కాదని తేలినందుకు కాదు, ఆ చేతులను చూసి నాకు కళ్ళు చెమర్చాయి. ఈ మనిషి ఓడిపోవాలని ఎప్పుడు నిర్ణయించుకున్నాడో నాకు తెలియదు. మంచం మీంచి రోజూ నన్ను చూస్తూ చూస్తూ ఎప్పుడో ఒప్పుకున్నాడు. నోటితో చెప్పడం చేతగాక బండికి కట్టాడు.

జాలీ ఖాళీ అయింది. ఇంజను అలాగే తిరుగుతుండగా ముల్లు మెల్లగా కిందికి దిగి, మధ్యలో నిలబడింది. మళ్ళీ రెండో గేరు. ఒక మలుపు, ఇంకో మలుపు. చివరి ఎత్తు దగ్గర బండి కొంచెం మూలిగిందిగానీ ఆగలేదు. పైకి చేరగానే దూరంగా జమ్మలమడుగు వైపు నల్లరేగడి చేన్లు కనిపించాయి.

"ఆపు మే," అన్నాడు మామ. ఫోన్ తీసి కొడుక్కు కలిపాడు. చెవి సరిగ్గా వినిపించదు కాబట్టి స్పీకరు పెట్టి గట్టిగా మాట్లాడడం ఆయన అలవాటు.

"రేయ్, వీసా గీసా ఏం వద్దు. వచ్చేయ్. ఘాటెక్కినాం."

అవతల నా భర్త, "నిజమేనా నాయనా?" అన్నాడు. ఏడుస్తున్నాడని మా ఇద్దరికీ తెలిసింది.

"నిజమేరా. కాకుంటే ముందే చెప్తాండా, ఇను. బండికి డ్రైవరుండాది. నువ్వొచ్చి ఏరే పని చూసుకోవల్ల."