పక్కన నిలబడే సాయిబు

మా ఎదురంగడి సాయిబు పోయాడు. శుక్రవారం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట. బద్వేలు బజారులో వీధికి అటొకటి ఇటొకటి, మావి రెండే సైకిల్ అంగళ్లు. ఇక నాకు పోటీ లేదు, సంతోషపడాలి. కానీ ఆయనకు మట్టి వేయడానికి వచ్చిన జనాన్ని చూసి అక్కడ కూడా కుళ్లుకున్నాను. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అనిపించింది.

ఆ కడుపుమంట ఎందుకో చదివేవాళ్లకు చెప్పాలి. సైకిల్ కొనాలని పల్లె నుంచి వచ్చిన రైతు నేరుగా లోపలికి రాడు. మెట్టు కింద చెప్పులు విడిచి, వీధిలోనే నిలబడి బండ్లను చూస్తుంటాడు. నేను గల్లాపెట్టె దగ్గర నుంచే "రాప్పా, లోపలికి రా, ఏం బండి కావాల?" అని కేక వేసేవాణ్ని. అతను చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయేవాడు.

సాయిబు పిలిచేవాడు కాదు. చేతికంటిన గ్రీసు గుడ్డతో తుడుచుకుంటూ మెట్లు దిగి, రైతు పక్కనే, తన అంగడి వైపు తిరిగి నిలబడేవాడు. తానూ కొనడానికే వచ్చినట్టు బండ్లను చూసేవాడు. కాసేపటికి "మీ ఊరి దావ ఎట్టుండాదప్పా?" అనేవాడు. అంతే, దారిలో ముళ్లు, దాటాల్సిన వంకలు, పెళ్లాం పుట్టింటి దూరం, అన్నీ బయటికి వచ్చేవి. తర్వాత ఇద్దరూ కలిసి మెట్లెక్కేవారు. ఎదురుగా కూర్చుని రోజూ ఇది చూడడం ఎంత నరకమో నాకే తెలుసు.

ఉండబట్టలేక, ఆ కిటుకేమిటని ఒకసారి ఆయన్నే అడిగేశాను.

"దాచేదేముండాది శెట్టీ? లోపల్నుంచి పిలిస్తే బెదురుతాడు. పక్కన నిలబడితే వాడే మాట్లాడతాడు" అన్నాడు.

దాచి ఉంటే తిట్టుకునేవాణ్ని. ఆ వీలు కూడా లేకుండా చేశాడు. మర్నాడు నేనూ మెట్లు దిగి ఒక రైతు పక్కన నిలబడ్డాను. అతను జరిగాడు. నేనూ జరిగాను. "ఏమప్పా, యాడికి తోస్తాండావు?" అని కసురుకుని వీధి దాటాడు, సాయిబు దగ్గరికే.

యుద్ధం రోజుల్లో సరుకు రాక ఆయన బండ్లు ముందే అయిపోయాయి. నావి ఇంకా మిగిలే ఉన్నాయి. వచ్చినవాళ్లందరినీ "మా శెట్టి దగ్గర ఉండాయి, శానా మంచి బండ్లు" అని నా దగ్గరికి పంపేవాడు. వాళ్లు వచ్చి "సాయిబు చెప్పినాడు" అనేవాళ్లు. ఆ ఏడాది మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన మాట మీదే. అందుకు రుణపడి ఉన్నాను. నా బండి అమ్ముడుపోయినా పేరు ఆయనదే అయినందుకు అన్నం సయించేది కాదు. రెండూ నిజమే.

నిన్న ఒక రైతు వచ్చాడు. మూసిన సాయిబు అంగడి ముందు చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఇప్పుడు రావాల్సింది నా దగ్గరికే కదా, పిలుద్దామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. గల్లాపెట్టె వదిలేసి, వీధి దాటి, అతని పక్కన నిలబడ్డాను.

అతను జరగలేదు. ఇద్దరం ఆ తలుపుల వైపు చూస్తూ ఉండిపోయాం.

"నువ్వు గూడా సాయిబు కోసరమే వచ్చినావా అప్పా?" అన్నాడు.

"అవునప్పా" అన్నాను.