నిలబడనన్న పీట

నా తెలివి వల్ల ఒక ముసలమ్మ మధ్యాహ్నం అన్నం మానేసింది. దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. నా మీద మాత్రం విపరీతంగా ఉండేది. జరిగినదాంట్లో సగం ఆ నమ్మకం వల్లే జరిగింది. మిగతా సగం ఎలా జరిగిందో ఇప్పటికీ తెలియదు.

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద నాకు పాత కట్టె సామాన్ల దుకాణం ఉంది. ఊళ్లలో ఇళ్లు పడగొట్టేటప్పుడు నా బామ్మర్ది యాదగిరి వెళ్లి తలుపులు, సందుగులు తెస్తాడు. నేను వాసన చూసి, వేళ్లతో కొట్టి, వాటి వయసు చెబుతాను. అవి కాదనవు కాబట్టి నాకు నిపుణుడని పేరొచ్చింది.

ఒక ఎండాకాలం చిన్న పీట తెచ్చాడు. నల్లటి కట్టె, నాలుగు మూలలా ఇత్తడి పూలు, కూర్చుని కూర్చుని నడుమ అరిగిన గుంట.

"రాజులింటిది బావా," అన్నాడు.

నేను వాసన చూసి అవునన్నాను. ఏ రాజులని అడగలేదు. పెద్దిళ్ల సామానుకు పెద్దపీట వేసే గుణం నాది.

పూలు కనబడాలని గోడకు నిలబెట్టాను. మధ్యాహ్నం ఇంటికి వెళ్లి అన్నం తిని వచ్చేసరికి నేల మీద ఉంది. పడితే బోర్లా పడాలి. ఇది గడపకు ఎదురుగా, ఎవరికో వేసినట్టు చక్కగా వేసి ఉంది. లారీల అదురు అనుకున్నాను. మర్నాడూ అంతే. పిల్లి అనుకున్నాను. చివరికి కిటికీ ఊచకు తాడుతో బిగించి, షట్టర్‌కు తాళం వేసి వెళ్లాను. వచ్చి చూస్తే తాడు ఊచకే ఉంది. నేను వేసిన పీటముడి విడలేదు. పీటే అందులో లేదు.

భయపడ్డానని చెప్పుకోవడానికి సిగ్గేసి, రాజులింటిదని చెప్పి అమ్మేశాను. బొంగులూరులో కొత్త విల్లా కొనుక్కున్న దంపతులు హాల్లో దాని మీద పూలకుండీ పెట్టుకున్నారు. కొన్నాళ్లకే ఆవిడ ఫోన్ చేసింది.

"అన్నా, మధ్యాహ్నం కాంగనే గా కుండీ కిందికి దిగుతుంది. చుక్క నీళ్లు గూడ ఒలుకుతలేవు. మీ రాజుగారిని మీరే తీస్కపోండి."

తెచ్చుకుని యాదగిరిని నిలదీశాను. రాజులూ లేరు, రాణులూ లేరు. నాదర్‌గుల్ దగ్గర ఒక రైతు పాత ఇల్లు పడగొడుతూ తలుపులతో పాటు ఇచ్చాడట.

"వాళ్లవ్వ ఏడ్సుకుంట ఎంబడి పడ్డది బావా. ముసల్ది, చాదస్తమనుకున్న."

వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆమె పేరు లక్ష్మమ్మ. కొడుకు కట్టిన కొత్త ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. కోడలే అంతా చెప్పింది. లక్ష్మమ్మ భర్త ఒకనాడు మధ్యాహ్నం అన్నానికి వస్తానని చెప్పి పొలానికి పోయాడు. గుండె ఆగి అక్కడే పోయాడు. అప్పటి నుంచి ఆమె రోజూ ఆ వేళకు ఆయన పీట ముందు కంచం పెట్టి, తర్వాతే తాను తినేది. పీట పోయాక మధ్యాహ్నం ముద్ద ముట్టడం లేదు.

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె ఒక్కటే అడిగింది.

"నిలవెట్టినవా బిడ్డా?"

"అవ్ అవ్వా."

"మా ఇంట్ల పీట నిలవెడితే మనిషి తిని లేచినట్టు. ఆయన ఇంకా తినలే గద. ఎట్ల నిలవెడ్తవ్?"

ఎన్నో తలుపులకు వయసు చెప్పిన నేను, ఆ గడపలో తల ఎత్తలేకపోయాను.

పీట తిరిగి ఇచ్చే పని యాదగిరికి అప్పగించాను. సరిగ్గా అన్నం వేళకు పొమ్మన్నాను. ఎందుకో చెప్పలేదు. లక్ష్మమ్మ పీట వేసి, దాని ఎదుట వాడిని కూర్చోబెట్టి, రెండు కంచాల్లో వడ్డించి, ఆ తర్వాత తానూ కడుపునిండా తిన్నదట. కోడలు సంతోషంగా ఫోన్ చేసి చెప్పింది.

యాదగిరి మాత్రం తెల్లబోయిన ముఖంతో దుకాణానికి వచ్చాడు. చెంబెడు నీళ్లు తాగాడు.

"బావా, గాడ నా ముందట..."

"రేపటి లోడు సంగతి చూడు," అన్నాను.

ఇప్పటికీ అప్పుడప్పుడు మొదలుపెడతాడు. "బావా, గా పీట మీద..." అంటాడు. నేను వెంటనే వాడి బండి ఎంత మైలేజీ ఇస్తుందో అడుగుతాను. వాడు చెప్పలేక ఉడికిపోతాడు. వాడేం చూశాడో వినాలని నాకూ ప్రాణం కొట్టుకుంటుంది. అయినా సరే, అడగను.