బల్ల ముందు పెట్టిన ఖాళీ సీసా

సహోదరులారా, సహోదరీలారా, మీలో కొందరు నా సాక్ష్యాన్ని ఇంతకుముందు ఈ పత్రికలోనే చదివి ఉంటారు. మూర్ఛరోగంతో పడిపోతూ ఉండిన ఆమదాలవలస మిల్లు మేస్త్రీని కోతల పండుగ కూటాల్లో దేవుడు ముట్టి బాగుచేశాడని, ఆ మేస్త్రీ తన మందు సీసాను తెచ్చి మందిరంలో ప్రభువు బల్ల ముందు పెట్టేశాడని అందులో ఉంది. ఆ మేస్త్రీని నేనే. దేవుడు నన్ను బాగుచేసిన మాట నిజం. సీసా పెట్టిన మాట కూడా నిజమే. అయితే ఆ సీసా ఖాళీదని, అందులోని మాత్రలు మా ఇంట్లో ఆవాల డబ్బాలో భద్రంగా ఉన్నాయని, ఆ సాయంత్రం కూడా ఒక మాత్ర వేసుకునే నేను పడుకున్నానని చెప్పలేదు. నేను చెప్పని ఆ మాట వల్ల మన సంఘంలో ఒక చెల్లెలి చెయ్యి కాలిపోయింది. అందుకే మొదటినుంచి మళ్లీ చెబుతున్నాను, ఓపికపట్టి వినండి.

మాది ఉప్పుడు బియ్యం మిల్లు. కళ్లంలో వడ్లు ఎండబోసే ఆడవాళ్లకు, ఊక పొయ్యిల మీద గంగాళాల్లో వడ్లు ఉడకేసేవాళ్లకు నేను మేస్త్రీని. ముప్పై ఏళ్లు దాటాక నాకు ఈ జబ్బు వచ్చింది. ఉన్నట్టుండి ముక్కుకు ఊక కాలిన వాసన తగిలేది, కడుపులోనుంచి ఏదో పైకి పొంగుతున్నట్టు ఉండేది, ఆ తరవాత నాకేమీ తెలిసేది కాదు. కళ్లు తెరిచేసరికి చుట్టూ జనం, చేతిలో ఎవరో ఇరికించిన తాళాల గుత్తి, ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు! నాలుక తెగి నోరంతా రక్తం, పంచె తడిసిపోయి, నా కింద పనిచేసే ఆడవాళ్లే మొహం తిప్పుకుని నిలబడితే ఆ సిగ్గు ఎలాంటిదో అనుభవించినవాడికే తెలుసు. కొందరు గాలి సోకిందన్నారు. ఒక ముసలాయన వాత పెడితే పోతుందని నుదుటిమీద కాల్చాడు, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నా భార్య కరుణమ్మ నన్ను ఒంటరిగా నూతి దగ్గరకు కూడా వెళ్లనిచ్చేది కాదు. ఆ రోజుల్లో నా ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, బాగుచెయ్యి, లేదా తీసుకుపో. నలుగురి మధ్యలో మాత్రం నన్నిలా పడెయ్యకు!"

ఆ ప్రార్థనకు దేవుడు జవాబిచ్చిన తోవ చూడండి. మా పాస్టరు అయ్యగారే ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచి, విశాఖపట్నంలో మెదడు సంగతులే చదువుతున్న డాక్టరుగారు ఒకరు ఉన్నారని విన్నానని, వెళ్లిరమ్మని చెప్పారు. మా మిల్లులో ఆవిరి ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టిన ఏడది. పాసింజరు బండిలో నేనూ కరుణమ్మా వాల్తేరు వెళ్లాం. తలకు నూనె ఉండకూడదని అక్కడ కుంకుడురసంతో నా తల రుద్దించారు, తలమీద అక్కడక్కడ జిగురులాంటిది రాసి సన్నని తీగలు అంటించారు, కదలకుండా పడుకోమన్నారు. పక్కనున్న యంత్రంలో కాగితం జరుగుతూ ఉంటే దానిమీద కలాలు వాటంతటవే గీతలు గీస్తున్నాయి! కరుణమ్మ డాక్టరుగారి దగ్గరకు జరిగింది.

"బాబూ, మా ఆయన సేసిన పాపాలేటైనా ఆ కాయితమ్మీద పడతన్నాయేటి?" అని అడిగేసింది.

డాక్టరుగారు నవ్వారు. "పాపాలు రాసే యంత్రం ఇంకా రాలేదమ్మా. వస్తే ముందు పారిపోయేది మేమే."

మంచి మనిషి. మన మతస్థుడు కాడు. అయినా నా పక్కన బల్లమీద కూర్చుని నాకు అర్థమయ్యేలా చెప్పారు. మెదడు మడులు కట్టిన చేనులాంటిదట, మడికో పని ఉంటుందట, ఒకటి చూపుకు, ఒకటి మాటకు, ఒకటి చేతులకు. అన్నింటిలోనూ సన్నగా కరెంటు నడుస్తుందట. ఎక్కడో ఒక మడికి గట్టు తెగితే నీళ్లన్నీ ఒక్కసారిగా చేనంతా ముంచేసినట్టు, ఆ కరెంటు తలంతా ముంచెత్తినప్పుడు మనిషి పడిపోతాడట. పడబోయే ముందు ఏమవుతుందని అడిగితే ఊక వాసన సంగతి చెప్పాను. మిల్లులో పనిచేసేవాడికి ఊక వాసన రాక ఏమొస్తుందని ఎవరైనా కొట్టిపారేసేవారే. ఆయన మాత్రం కలం కింద పెట్టి నా వైపు తిరిగారు.

"మిల్లు మూసిన రోజున కూడా వస్తుందా?"

ఆ మాట నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించి, "ఆదివారం మందిరంలో కూడా వచ్చింది బాబూ" అన్నాను.

ఆయన నా చెవికి కాస్త పైన అరచెయ్యి పెట్టి, "అయితే ఊక కాలుతున్నది మిల్లులో కాదు, ఇక్కడ" అన్నారు. సహోదరులారా, అంతవరకు నా తలమీద చెయ్యి పెట్టినవాళ్లంతా దెయ్యాన్ని తిట్టినవాళ్లే. మనిషిని ముట్టుకున్నట్టు ముట్టుకున్నవాడు ఆయనే. నాకు కన్నీళ్లు వచ్చాయి.

రోజూ వేసుకోవాల్సిన తెల్ల మాత్రలు ఇచ్చి, బాగున్నా మానకూడదని, ఒక్కసారిగా మానేస్తే జబ్బు మునుపటికంటే గట్టిగా తిరగబడుతుందని, నిప్పుకూ నీటికీ దూరంగా ఉండమని చెప్పారు. ఆఖరున ఒక మాట అడిగారు. "మెదడు గురించి మాకు తెలిసింది తక్కువ, తెలియాల్సింది చాలా ఉంది. ఈ జబ్బును అందరూ దాచుకుంటారు. మా చదువుకు అదే పెద్ద అడ్డు. మీ ఊళ్లో నోరు విప్పి చెప్పండి, ఇలాంటివాళ్లుంటే తీసుకురండి." అలాగే అని మాటిచ్చాను.

రోజూ సాయంత్రం కరుణమ్మ మాత్ర నా చేతిలో పెట్టి, "తండ్రీ, ఇది నీ సెయ్యే" అని చిన్న ప్రార్థన చేసేది. పడిపోవడం తగ్గింది, తగ్గి తగ్గి ఆగిపోయింది. దేవునికే మహిమ! ఆ సంతోషంలో నేను డాక్టరుగారికిచ్చిన మాట సగం నిలబెట్టుకున్నాను కూడా. సుందరమ్మను తీసుకువెళ్లాను.

సుందరమ్మ మా కళ్లంలో వడ్లు ఎండబోసేది. భర్త లేడు. కరుణమ్మను అక్కా అని, నన్ను బావా అని పిలిచేది. మా మందిరంలో ఆమె కంజిర వాయిస్తే పాట దానంతటదే లేచి నిలబడేది. ఆమెకూ చిన్నప్పటినుంచి ఇదే జబ్బు. తలకు తీగలు పెట్టించుకుని తిరిగి వస్తూ బండిలో ఒకటే నవ్వు. "ఓలమ్మ, నా బుర్రలోన ఏటీ నేదని మా అత్త సచ్చీదాకా అన్నాది గదే అక్కా! ఆ కాయితమ్మీద సూడు, ఎంత రాత ఉన్నాదో!" మాత్రలతో ఆమెకూ నెమ్మదించింది. నేనే ఆమెను కళ్లంలోనే ఉంచాను, పొయ్యిల దగ్గరకు పంపలేదు.

ఇక నా పాపం చెబుతాను. మా సంఘంలో ఒక అలవాటుంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు కోతల పండుగనాడు మెడలోని తాయెత్తు తెంపి బల్ల ముందు పెడతారు. మంచి అలవాటే. అయితే రానురాను తాయెత్తుల పక్కన మందు సీసాలు కూడా పెట్టడం మొదలైంది, రెండూ ఒకటే అన్నట్టు. ఆ ఏడు నన్ను సంఘపెద్దగా చేద్దామని అనుకుంటున్నారు. మాత్రలమీద బతికేవాడు పెద్ద ఏమిటని ఒకరిద్దరు గొణిగారు. అది నా చెవిన పడింది. పండుగనాడు బయటనుంచి వచ్చిన ప్రసంగీకుడు స్వస్థత పొందినవాళ్లు గురుతు తెచ్చి పెట్టండని పిలిచేసరికి నేను లేచాను. సీసా జేబులోనే ఉంది. ముందే ఖాళీ చేసి తెచ్చుకున్నాను, అంటే ఇంటిదగ్గరే నిర్ణయించుకున్నాను, ఆవేశంలో చేశానని చెప్పడానికి కూడా లేదు.

బయలుదేరేటప్పుడు కరుణమ్మ వాకిట్లో అడ్డంగా నిలబడింది. "మనుసులకాడ ఏసం ఏసినా ఏసినావు, దేవుడికాడ కాళీ సీసా పెడతావేటి?" అంది. నేను ఆమెను తప్పించుకుని పక్కనుంచి వెళ్లిపోయాను.

మందిరంలో నేను సీసా పెట్టగానే నా వెనకే సుందరమ్మ లేచి వచ్చింది! తన మాత్రల పొట్లం, నిండుగా ఉన్నది, నా ఖాళీ సీసా పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. ఆ కళ్లలో ఎంత వెలుగో! ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుందో డాక్టరుగారి నోటే విన్నవాణ్ణి నేను. ఆ పొట్లం చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. నేను చెయ్యి చాపలేదు, అందరితోపాటు స్తుతిగీతం ఎత్తుకున్నాను.

కొన్నాళ్లు ఆమెకు ఏమీ కాలేదు. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, "బావా, నన్నింకా ఈ ఎండలోనే ఎందుకు మాడుస్తావు? పొయ్యికాడ ఎయ్యి, కూలి కూసింత ఎక్కువొస్తాది. నీకు పోయినట్టే నాకూ పోనాది గదేటి!" అంది. నేను ఆ పొయ్యిల దరిదాపులకు వెళ్లేవాణ్ణి కాదు. వద్దంటే ఎందుకని అడుగుతుంది, అడిగితే నిజం చెప్పాలి. నా పరువు ఒక పక్క, ఆ పిల్ల ప్రాణం ఒక పక్క ఉంటే, సహోదరులారా, నేను సరే అన్నాను.

ఆ రోజు కళ్లంలో నిలబడి ఉండగా ఊక కాలిన వాసన గుప్పుమంది. నాకే మళ్లీ వస్తోందనుకుని భయంతో స్తంభం పట్టుకుని కింద కూలబడ్డాను. పడిపోలేదు. వాసన తగ్గలేదు. ఈసారి అది నా తలలోది కాదు. పొయ్యి దగ్గర ఆడవాళ్లు కేకలు పెడుతున్నారు. నేను పరుగెత్తి వెళ్లేసరికి సుందరమ్మ కొట్టుకుంటూ ఉంది, కుడిచెయ్యి మోచేతిదాకా ఎర్రటి ఊక నిప్పుల్లో ఉంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో చేర్చాం. మందిరంలో ఏమన్నారో మీకు తెలుసు, మీలో కొందరు అన్నవాళ్లే. విశ్వాసం చాలలేదన్నారు, లోపల ఏదో దాచుకుని ఉంటుందన్నారు. దాచుకున్నవాణ్ణి నేను, అప్పటికే సంఘపెద్దనై, పెద్దల వరసలో కూర్చుని విన్నాను. నేనూ కరుణమ్మా చూడటానికి వెళ్తే నర్సమ్మ చెప్పింది, ఇచ్చిన మాత్రలన్నీ దిండు కింద పెట్టేస్తోందని, మంచంమీద కూడా మళ్లీ వచ్చిందని, ఇలాగైతే ప్రాణానికే ముప్పని. సుందరమ్మ మాత్రం నన్ను చూసి చిన్నపిల్లలా అడిగింది. "బావా, నాకాడ ఏటి తక్కువైపోనాది? నువ్వు సేసిన పేర్దన నాకు కూడా నేర్పు."

బయటికి వచ్చి నాగావళి ఒడ్డున ఇసకలో మోకాళ్లమీద పడ్డాను. "ప్రభువా, జబ్బునుంచి విడిపించావు. నా నాలుకను కూడా విడిపించు. నాకు పరువు వద్దు, ఆ పిల్ల బతికితే చాలు!" లేచేసరికి కరుణమ్మ వెనకే నిలబడి ఉంది. కొంగులోనుంచి ఆవాల డబ్బా తీసి నా చేతిలో పెట్టింది. ఇంటినుంచే తెచ్చిందట.

తిరిగి లోపలికి వెళ్లి, సుందరమ్మ ఎదురుగా ఆ డబ్బా మూత తీసి, ఒక మాత్ర నోట్లో వేసుకుని నీళ్లు తాగాను. "ఇదే నా ప్రార్థన సుందరమ్మా. ఒక్కరోజు కూడా మానలేదు. ఆ రోజు పెట్టింది ఖాళీ సీసా" అన్నాను.

ఆమె కట్టు కట్టిన చెయ్యి గుండెమీద పెట్టుకుని పైకప్పువైపు చూసింది. తరవాత, "ఇన్నాళ్లూ దేవుడిమీద అలిగాను బావా. ఆయనకి అన్నేయం సేసినాను. నీమీద అలగాల్సింది" అంది. దిండు కిందికి ఎడమచెయ్యి పోనిచ్చి ఒక మాత్ర తీసింది. "నీళ్లు ఇయ్యి. నాకు సెప్పినావు సరే. ఆళ్లందరి నోట్లోన నా పేరు ఎలాగున్నాదో నీకు తెలీదేటి? ఆళ్లకి సెప్పు. అప్పుడు సూద్దాం."

ఆమె బతికింది. మళ్లీ విశాఖపట్నం తీసుకువెళ్లాం. డాక్టరుగారు నన్ను తిట్టలేదు. ఆ కాలిన చేతి వేళ్లను ఒక్కొక్కటే విప్పి చూశారు, అది తిట్టుకంటే బరువైంది. ఇప్పుడు సుందరమ్మకు జబ్బు అదుపులో ఉంది. కుడిచేతి వేళ్లు ముడుచుకుపోయాయి, కంజిర ఎడమచేత్తో నేర్చుకుంటోంది, తాళం తప్పితే తనే ముందు నవ్వుతుంది.

ప్రియులారా, స్వస్థపరిచేది దేవుడే. నా మెదడును చేసినవాడు ఆయన, దాన్ని ఓపికగా చదివే మనిషికి ఆ తెలివి ఇచ్చినవాడు ఆయన, ఆ తెల్ల మాత్రను నా అరచేతిలో పెట్టినవాడూ ఆయనే. తాయెత్తు తెంపండి, మాత్ర మానకండి. మీ ఇళ్లలో ఇలా పడిపోయేవాళ్లుంటే దాచకండి, తాళాలూ చెప్పులూ పక్కన పెట్టి వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి, తోవంతా ప్రార్థన చెయ్యండి. నాలాంటి అబద్ధికుణ్ణే విడవని దేవుడు మిమ్మల్ని విడిచిపెడతాడా? ఆయనను నమ్మండి!

మొన్నటి కోతల పండుగనాడు పిలుపు ఇచ్చినప్పుడు నేను మళ్లీ లేచాను. ఆవాల డబ్బాను మాత్రలతో సహా బల్లమీద పెట్టి, మూత తీసి అందరికీ చూపించి, మీకు ఇప్పుడు రాసినదంతా చెప్పాను. సంఘపెద్ద పని విడిచిపెడుతున్నానని చెప్పాను. తరవాత ఆడవాళ్ల చాపల వైపు తిరిగాను. ఎడమచేతిలో కంజిరతో సుందరమ్మ ముందు వరసలోనే కూర్చుని ఉంది.

"అమ్మా సుందరమ్మా," అన్నాను, "నీ విశ్వాసంలో లోటేమీ లేదు. నువ్వు పెట్టింది నిండు పొట్లం, నేను పెట్టింది ఖాళీ సీసా. నీ చెయ్యి కాల్చింది పొయ్యి కాదు, నేను. నన్ను క్షమించు తల్లీ."